నిల్వ ఉన్న సింథటిక్ ఇంజన్ ఆయిల్: ఉంచుకోవాలా, అమ్మాలా?

పరిచయం

ఇంతకు ముందు పాఠాలలో మీరు సరుకు నిల్వల అదుపు, సంబంధిత వ్యయాలు, అవకాశ వ్యయం అనే భావనలను విడివిడిగా చదివారు. నిజ జీవితంలో అవి విడివిడిగా ఎదురుకావు. ఒకే గదిలో, ఒకే డబ్బాల దొంతరలో అన్నీ కలిసి ఉంటాయి. అలాంటి ఒక దొంతరను తీసుకొని, దాన్ని ఏం చేయాలో మొదటి నుంచి చివరి వరకు ఈ పాఠంలో లెక్క కడదాం. పక్కన కాగితం, పెన్ను పెట్టుకొని చదవండి. వాహనాలకు సంబంధించిన కొన్ని సాంకేతిక విషయాలు కూడా వస్తాయి. వాణిజ్యశాస్త్ర విద్యార్థికి అవి ఎందుకు అనుకోవద్దు. సరుకు సంగతి తెలియకుండా దానికి విలువ కట్టలేము.

సందర్భం

హిమాయత్ సాగర్ కట్టకు కొద్ది దూరంలో ఉంటూ, శంషాబాద్ విమానాశ్రయానికి 12 డీజిల్ కార్లు తిప్పే ఒక ట్రావెల్స్ యజమానిని ఊహించుకోండి. ఈ విమానాశ్రయం 2008 మార్చిలో మొదలైంది. అప్పటి నుంచి చుట్టుపక్కల ఊళ్లలో కార్లు తిప్పడం ఒక జీవనోపాధి అయింది. రష్యా, ఉక్రెయిన్ యుద్ధం మొదలైన తరువాత, 2022 మార్చిలో ముడి చమురు ధర పీపాకు 120 డాలర్లు దాటింది. ఇంజన్ ఆయిల్‌కు మూలమైన బేస్ ఆయిల్ చాలావరకు ముడి చమురు నుంచే వస్తుంది కనుక దాని ధర కూడా పెరుగుతుందన్న భయం వ్యాపారులందరికీ పట్టుకుంది. ఆ భయం ఆయనలో కొంతకాలం నిలిచి ఉంది. తరువాత ఒక డీలరు ఎక్కువ కొంటే తగ్గింపు ఇస్తానన్నాడు. లీటరు 400 రూపాయల చొప్పున 800 లీటర్ల సింథటిక్ ఆయిల్ కొని గదిలో పెట్టించాడు. దాని గ్రేడు 5డబ్ల్యూ-40. ఇది జరిగి మూడేళ్లయిందనుకుందాం.

ఈ మూడేళ్లలో సగం అయిపోయింది. 400 లీటర్లు, అంటే 4 లీటర్ల డబ్బాలు 100 మిగిలాయి. ఈలోగా బండ్లు మారాయి. ఏడు పాత డీజిల్ కార్లు అమ్మేసి, కొన్ని సి.ఎన్.జి., కొన్ని ఎలక్ట్రిక్ కార్లు తీసుకున్నాడు. ఎలక్ట్రిక్ కారుకు ఇంజన్ ఆయిలే అక్కరలేదు. ఈ మార్పు ఆయన ఒక్కడిది కాదు. విమానాశ్రయానికి ఆర్టీసీ ఎలక్ట్రిక్ బస్సులు 2019 మార్చి నుంచే నడుస్తున్నాయి. 2024 నవంబరులో రాష్ట్ర ప్రభుత్వం ఎలక్ట్రిక్ వాహనాలకు రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ రుసుము మినహాయించింది. ఇప్పుడు మిగిలిన డీజిల్ కార్లు అయిదు. మరో ఏడాదికి వాటిలో రెండు కూడా అమ్మాలని ఆయన ఉద్దేశం.

ఈ యజమాని, ఆయన డబ్బాలు, ధరలు లెక్క కోసం ఊహించినవి. ఇలాంటి గది మాత్రం మీకు తెలిసిన ఏదో ఒక గ్యారేజీ వెనక ఉండే ఉంటుంది.

పొదుపు కోసం ఒకేసారి ఎంత కొనాలో చెప్పే సూత్రాన్ని ఫోర్డ్ విట్మన్ హారిస్ 1913లో ప్రతిపాదించాడు. మీరు దాన్ని మితవ్యయ ఆర్డరు పరిమాణంగా చదివారు. వాడకం ఒకే వేగంతో సాగుతుందన్న ఊహ మీద ఆ సూత్రం నిలబడింది. 2020 మార్చి 25 నుంచి మే 25 వరకు దేశీయ విమానాలు ఆగిపోయినప్పుడు శంషాబాద్ కార్లకు వాడకపు వేగం ఏమైందో ఒకసారి గుర్తు చేసుకోండి. మన యజమానికి అంత పెద్ద దెబ్బ తగలలేదు. బండ్లు మారడంతో వాడకం నెమ్మదిగా తగ్గింది, అంతే. నెమ్మదిగా తగ్గేది కంటికి కనబడదు.

డబ్బాలో ఉన్నది ఇంకా సరుకేనా?

లెక్కకు ముందు సరుకును పరీక్షించాలి. సింథటిక్ కదా, చెడిపోదు అని చాలామంది అంటారు. ఇంజన్ వేడిలో మామూలు మినరల్ ఆయిల్ కన్నా సింథటిక్ ఎక్కువ కాలం తట్టుకుంటుందన్నది నిజమే. అలమరలో నిలవడం వేరే విషయం. ఏ ఆయిల్‌లోనైనా బేస్ ఆయిల్‌తో పాటు అరుగుదలను ఆపేవి, మసిని తేలియాడించేవి, నురుగు రాకుండా చూసేవి వంటి రసాయనాలు కలిపి ఉంటాయి. కాలం గడిచేకొద్దీ వాటిలో కొన్ని అడుగుకు చేరవచ్చు. తేమ తగిలితే నష్టం ఇంకా త్వరగా జరుగుతుంది. అందుకే తయారీ కంపెనీలు మూత తీయని డబ్బాకు, అది సింథటిక్ అయినా, సాధారణంగా 3 నుంచి 5 సంవత్సరాల గడువు చెబుతాయి. గడువును డబ్బా మీది తయారీ తేదీ నుంచి లెక్కించాలి, మీరు కొన్న తేదీ నుంచి కాదు. మన యజమాని డబ్బాలకు కంపెనీ 5 సంవత్సరాలు చెప్పింది, 3 గడిచాయి. మిగిలినవి 2.

నిల్వ చేసిన చోటును కూడా చూడాలి. రేకుల షెడ్డులో ఏప్రిల్, మే నెలల ఎండకు లోపలి గాలి ఉడికిపోతుంది, రాత్రికి చల్లబడుతుంది. దీనివల్ల డబ్బాకు ముప్పు తక్కువే కాని పెద్ద డ్రమ్ముకు ఎక్కువ. పగలు లోపలి గాలి వ్యాకోచించి బిరడా సందుల్లోంచి బయటికి పోతుంది. రాత్రి సంకోచించినప్పుడు బయటి గాలిని లోపలికి పీలుస్తుంది. నిలబెట్టిన డ్రమ్ము పైకప్పు మీద వాన నీరు నిలిచి ఉంటే ఆ నీటినే పీలుస్తుంది. అందుకే బయట ఉంచక తప్పని డ్రమ్మును పడుకోబెట్టి, రెండు బిరడాలూ ఒకే అడ్డగీత మీద ఉండేలా తిప్పి పెడతారు. అప్పుడు లోపలి నూనె రెండింటినీ తడుపుతూ ఉంటుంది, గాలి లోపలికి పోదు. చెరువు పక్కన వానాకాలం గడిచిన డ్రమ్మును ఈ సంగతి చూడకుండా కొనవద్దు, అమ్మవద్దు.

ఇక ఆ ఆయిల్ ఎవరికి పనికొస్తుంది? ఈ ప్రశ్నే అన్నిటికన్నా ముఖ్యం, అందరూ మరచేదీ ఇదే. 5డబ్ల్యూ-40 అనేది చిక్కదనానికి గుర్తు మాత్రమే. దాని కింద చిన్న అక్షరాలలో నాణ్యతా ప్రమాణాలు ఉంటాయి. 2020 ఏప్రిల్ 1 నుంచి మన దేశంలో బి.ఎస్.6 ప్రమాణాలు అమలులోకి వచ్చాయి. అప్పటి నుంచి వచ్చిన డీజిల్ కార్లలో పొగలోని మసిని పట్టే ఫిల్టరు ఉంటుంది. ఆయిల్ కాలినప్పుడు మిగిలే బూడిద ఈ ఫిల్టరులో పేరుకొని దాన్ని మూసేస్తుంది. అందుకని ఈ కార్లకు తక్కువ బూడిద ఇచ్చే ఆయిల్ కావాలి. యూరప్ వాహన తయారీదారుల సంఘం దాన్ని సి తరగతిగా గుర్తిస్తుంది. మన యజమాని దగ్గర ఉన్నది ఎ3/బి4 తరగతి. పాత బి.ఎస్.4 కార్లకు అది మంచి ఆయిల్. కొత్త డీజిల్ కారులో పోస్తే ఆయిల్‌లో మిగిలిన నాలుగు రూపాయల కోసం ఫిల్టరును పాడుచేసుకున్నట్టే.

పెట్రోలు ఇంజన్ల విషయంలోనూ ఇంతే. అమెరికా పెట్రోలియం సంస్థ ఎస్.ఎన్. ప్రమాణాన్ని 2010లో, ఎస్.పి. ప్రమాణాన్ని 2020లో తెచ్చింది. ఎస్.ఎన్. కోరే బండిలో ఎస్.పి. పోయవచ్చు, ఎస్.పి. కోరే బండిలో ఎస్.ఎన్. పోయరాదు. అంటే డబ్బా లోపల ఏమీ చెడకపోయినా, ఆ ఆయిల్ పోయదగిన బండ్లు ఏటేటా రోడ్డు మీద తగ్గుతూ ఉంటాయి. అలమరలో నిలవ ఉన్న సరుకుకు గడువు ఒక్కటే కాదు, గిరాకీ అనే రెండో గడియారం కూడా తిరుగుతూనే ఉంటుందని గమనించండి.

మిగిలినది డ్రైవర్ల బైకుల్లో పోద్దామన్న ఆలోచన తప్పకుండా వస్తుంది. వద్దు. చాలా బైకులలో క్లచ్ ఇంజన్ ఆయిల్‌లోనే మునిగి ఉంటుంది. వాటికి జాసో ఎం.ఎ. గుర్తు ఉన్న ఆయిల్ కావాలి. కారు ఆయిల్‌లో రాపిడి తగ్గించే రసాయనాలు ఉంటే క్లచ్ జారుతుంది.

కొన్న ధరను పక్కన పెట్టండి

ఇప్పుడు యజమాని మనసులో ఉన్న అంకె 400. ఎవరైనా 280 ఇస్తామంటే లీటరుకు 120 పోగొట్టుకోవాలా అని ఆయన వెనక్కి తగ్గుతాడు. ఆ 400 ఖర్చయిపోయింది. ఉంచినా తిరిగి రాదు, అమ్మినా తిరిగి రాదు. రెండు దారులలోనూ మారని అంకె ఏ దారిని ఎంచుకోవాలో చెప్పలేదు. దీన్నే మునిగిన వ్యయం అన్నాం. నా విద్యార్థులు పరీక్షలో ఈ వ్యయాన్ని చక్కగా కొట్టివేసేవారు. అదే విద్యార్థి తన అంగడిలో పాత సరుకు ముందు నిలబడితే చేయి ఆడదు. తెలివి చాలక కాదు. అమ్మితే నష్టం కాగితం మీదికి వస్తుంది, అమ్మకపోతే రాదు. నిజానికి నష్టం జరిగింది ఏడు డీజిల్ కార్లు వెళ్లిపోయిన రోజున.

ఈ చిక్కు విప్పడానికి ఒక మార్గం ఉంది. గది ఖాళీగా ఉంది, చేతిలో డబ్బు ఉంది అనుకోండి. ఇదే పాత ఆయిల్‌ను, ఈ రోజు మీకు వచ్చే అమ్మకపు ధరకే, ఎన్ని డబ్బాలు కొంటారు? అన్ని డబ్బాలు మాత్రమే ఉంచుకోండి. ఉంచుకోవడం అంటే ఏమీ చేయకుండా ఊరుకోవడం అనిపిస్తుంది కాని, అది ప్రతి రోజూ ఆ సరుకును మళ్లీ కొనడమే.

లీటరుకు ఏ ధర?

అమ్మితే వచ్చేది ఎంత? కొనబోతే కొరివి, అమ్మబోతే అడవి అని సామెత. రాణిగంజ్‌లోనో పుత్లీబౌలిలోనో ఆటో విడిభాగాల దుకాణంవాడు ముందుగా అడిగేది బిల్లు, తరువాత చూసేది బ్యాచ్ నంబరు. నకిలీ ఆయిల్ భయం వారికి ఎప్పుడూ ఉంటుంది కనుక సీలు తీయని డబ్బాకు కూడా ధర తగ్గించి అడుగుతారు. సీలు తీసిన డబ్బాను అసలు అడగరు, దాన్ని ముందుగా మీ బండిలోనే వాడుకోవాలి. మన లెక్కకు 280 ఇస్తారని, రవాణాకు 10 పోయి చేతికి 270 మిగులుతుందని అనుకుందాం. జి.ఎస్.టి. కింద నమోదైన వ్యక్తి అమ్మితే ధరలోని పన్ను భాగం ఆయనది కాదు. కనుక 270ని పన్ను పోగా మిగిలినదిగానే తీసుకోండి.

ఉంచుకొని వాడితే మిగిలేది ఎంత? ఇక్కడ చాలామంది తొందరపడతారు. అదే సింథటిక్ ఈ రోజు బజారులో 460 ఉంది, కనుక వాడిన ప్రతి లీటరుకు 460 ఆదా అని రాస్తారు. అది ఎప్పుడు నిజం? ఈ డబ్బాలు లేకపోతే యజమాని తప్పకుండా అదే ఆయిల్ కొనేవాడైతేనే. తన పాత కార్ల మాన్యువల్ సెమీ సింథటిక్‌కు కూడా, అదే 10,000 కిలోమీటర్ల మార్పు వ్యవధితో, అనుమతి ఇస్తే ఆయన కొనేది లీటరు 320 రూపాయల ఆయిల్. అప్పుడు ఆదా 320 మాత్రమే. మన ఉదాహరణలో ఇలాగే ఉందనుకుందాం. ఇంట్లో ఉన్న పట్టుచీరకు బజారు ధర ఎంతైనా, వంట చేసేటప్పుడు కడితే అది ఆదా చేసేది నూలుచీర అరుగుదలనే.

లెక్క

ఒక్కో కారు ఏడాదికి 60,000 కిలోమీటర్లు తిరుగుతుంది. 10,000కు ఒకసారి ఆయిల్ మార్చాలి, ప్రతిసారీ 5 లీటర్లు. అంటే కారుకు ఏడాదికి 30 లీటర్లు. మొదటి ఏడాది అయిదు కార్లకు 150 లీటర్లు. రెండో ఏడాది మూడు కార్లకు 90. మొత్తం 240. మిగిలిన 160 లీటర్లకు గడువు లోపల ఈ యజమాని దగ్గర పని లేదు. యజమానికి బ్యాంకులో ఓవర్‌డ్రాఫ్టు ఉంది, వడ్డీ 12 శాతం. గది అద్దె నెలకు 500. ఆఫీసు మూలలో 38 డబ్బాలు పడతాయి. అంతకు మించితే గది ఉంచుకోవలసిందే.

400 లీటర్లను ఒకే ముద్దగా చూస్తే ఉంచాలా, అమ్మాలా అన్నదానికి సమాధానం దొరకదు. ఏ లీటరు ఎప్పుడు ఇంజన్‌లోకి పోతుందన్న దాన్ని బట్టి మూడు పొరలుగా విడదీయండి.

మొదటి పొర 150 లీటర్లు. ఇవి ఏడాది పొడవునా ఖర్చవుతాయి కనుక సగటున ఆరు నెలలు ఆగుతాయి. ఈ రోజు అమ్మి 270 ఓవర్‌డ్రాఫ్టులో కడితే ఆరు నెలలకు అది 286 రూపాయల 20 పైసలకు సమానం. వాడుకుంటే ఆదా 320. లీటరుకు 33 రూపాయల 80 పైసలు లాభం, మొత్తం 5,070 రూపాయలు. ఈ పొరను ఉంచుకోవాలి.

రెండో పొర 90 లీటర్లు సగటున ఏడాదిన్నర ఆగుతాయి. 270కి 18 శాతం వడ్డీ కలిపితే 318 రూపాయల 60 పైసలు. ఆదా 320. లీటరుకు మిగిలేది 1 రూపాయి 40 పైసలు, మొత్తం 126 రూపాయలు. దీని కోసం మొదటి ఏడాదిలో ఏడు నెలలకు పైగా గది ఉంచుకోవాలి, అద్దె 3,500 దాటుతుంది. అమ్మాలి.

మూడో పొర 160 లీటర్ల గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. రెండేళ్లకు గడువు తీరుతుంది, అప్పుడు అడిగేవారు ఉండరు.

కనుక 38 డబ్బాలు ఉంచుకొని 62 అమ్మాలి. 248 లీటర్లకు చేతికి వచ్చేది 66,960 రూపాయలు. ఉంచిన వాటిలో 2 లీటర్లు అదనంగా ఉన్నాయి, తగ్గినప్పుడు పైపోతకు పనికొస్తాయి. మూడు దారులనూ పోల్చి చూడండి. అన్నీ ఉంచుకుంటే 240 లీటర్ల ఆదా 76,800, రెండేళ్ల అద్దె 12,000 పోతే 64,800. ఇది కూడా వడ్డీ తగ్గించకముందు. అన్నీ అమ్మితే ఈ రోజే 1,08,000. కొన్ని ఉంచి కొన్ని అమ్మితే 66,960కి తోడు 48,000 ఆదా. ఈ 48,000లో ఆరు నెలల వడ్డీ తగ్గిస్తే 45,283, మొత్తం 1,12,243. అన్నీ అమ్మడానికీ, కొన్ని ఉంచడానికీ తేడా నాలుగు వేల పైచిలుకే. అన్నీ ఉంచుకోవడానికీ, అన్నీ అమ్మడానికీ తేడా 43,000 దాటింది. లెక్క మొత్తంలో 400 అనే అంకె ఎక్కడా రాలేదు.

ధర పెరిగితే?

యజమాని అడిగే చివరి ప్రశ్న ఇది. రేపు మళ్లీ యుద్ధం వస్తే? ధర పెరగవచ్చు, తగ్గనూ వచ్చు. 2020 ఏప్రిల్ 20న అమెరికాలో ముడి చమురు ఫ్యూచర్స్ ధర సున్నా కిందికి పోయింది. అంతకు మించి ఒక చట్టపరమైన అడ్డంకి ఉంది. 2011 నాటి ప్యాకేజీ సరుకుల నియమాల ప్రకారం డబ్బా మీద ముద్రించిన గరిష్ఠ చిల్లర ధర కన్నా ఎక్కువకు చిల్లరగా అమ్మరాదు. కొత్త డబ్బాల మీద ధర పెరిగినా మీ పాత డబ్బా మీద పాత ధరే ఉంటుంది. ధర తగ్గితే నష్టం పూర్తిగా మీది, పెరిగితే లాభానికి పైకప్పు ఉంది. ఇలాంటి పందెం ఎవరూ తెలిసి కాయరు. వాడుకోవడానికి ఉంచిన 38 డబ్బాలకు మాత్రం ధర పెరుగుదల నుంచి కొంత రక్షణ దొరుకుతుంది. అది చాలు.

గడువు దాటిపోతే

ఆలస్యానికి ఇంకో వ్యయం ఉంది, అది యజమాని పుస్తకాలలో కనబడదు. 1908 మూసీ వరదల తరువాత నగరాన్ని కాపాడడానికి మూసీ మీద ఉస్మాన్ సాగర్, 1927 నాటికి ఈసీ మీద హిమాయత్ సాగర్ కట్టారు. ఈ జలాశయాల రక్షణకే 1996లో 111వ నంబరు ప్రభుత్వ ఉత్తర్వు వచ్చింది. 84 గ్రామాలలో కాలుష్య పరిశ్రమలను అది నిషేధించింది. 2022లో ఆంక్షలను సడలించిన ఉత్తర్వు కూడా జలాశయాల నీటి నాణ్యత చెడకూడదన్న షరతు పెట్టింది. ఒక వంతు ఆయిల్ పది లక్షల వంతుల మంచినీటిని పాడుచేయగలదని అమెరికా పర్యావరణ సంస్థ హెచ్చరిస్తుంది. ఎవరూ కొనని 160 లీటర్లు ఉన్న గది నుంచి ఒక వానరాత్రి అవి ఎటు పోతాయో ఆలోచించండి. అమ్ముడుపోనిదాన్ని అనుమతి ఉన్న రీసైక్లరుకే ఇవ్వాలి, రశీదు తీసుకోవాలి. 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నియమాలకు 2023లో చేసిన సవరణ ప్రకారం, 2024 ఏప్రిల్ 1 నుంచి వాడిన నూనె రీసైక్లింగ్ బాధ్యతను తయారీదారుల మీద, దిగుమతిదారుల మీద పెట్టారు. అందువల్ల రీసైక్లరును వెతకడం మునుపటంత కష్టం కాకపోవచ్చు. కాని అప్పుడు చేతికి వచ్చేది 270కి దరిదాపుల్లో ఉండదు.

పుస్తకాలలో నమోదు

అమ్మదలచిన 62 డబ్బాలను సంవత్సరాంతానికి ఇంకా అమ్మకపోతే ఏం చేయాలి? కొన్న విలువ, నికర వసూలు విలువలలో ఏది తక్కువో దానికే చూపాలని ఎ.ఎస్.2 ప్రమాణం చెబుతుంది. అంటే లీటరుకు 400 బదులు 270. 248 లీటర్ల మీద 32,240 రూపాయల తగ్గింపు లాభనష్టాల ఖాతాకు పోతుంది. ఈ నమోదు నిర్ణయాన్ని మార్చదు, జరిగిన నష్టాన్ని చూపిస్తుంది.

అభ్యాసం

1. యజమాని అయిదు కార్లనూ రెండేళ్లపాటు తిప్పదలచాడు. ఓవర్‌డ్రాఫ్టు తీరిపోయింది, డబ్బు ఉంటే ఏటా 3 శాతం వడ్డీ వచ్చే పొదుపు ఖాతాలో ఉంటుంది. మిగిలిన అంకెలు మారలేదు. రెండో పొర ఇప్పుడు 150 లీటర్లు. దాన్ని ఉంచాలా, అమ్మాలా? గది అద్దెను మరచిపోకుండా లెక్క కట్టండి.

2. పై లెక్కనే గది అద్దె నెలకు 400 అనుకొని మళ్లీ చేయండి. సమాధానం మారిందా? ఏ అద్దె దగ్గర మారుతుంది?

3. మీ ఇంట్లో గాని, మీకు తెలిసిన అంగడిలో గాని రెండేళ్లకు పైగా కదలని ఒక సరుకును ఎంచుకోండి. దాన్ని కొన్న ధర రాయకుండా, ఎప్పుడు వాడతారన్న దాన్ని బట్టి పొరలుగా విడదీసి, ఒక్కో పొరకు పక్కన ఉంచాలి లేదా అమ్మాలి అని కారణంతో రాయండి.